హనుమక్క ఇవ్వని వేలు

హనుమక్క కుడిచేతి ఉంగరం వేలిని చూసి ఎవరూ ఏమీ కనిపెట్టలేరు. గోరు గోరులాగే ఉంటుంది, చర్మం చర్మంలాగే ఉంటుంది. వాపు లేదు, చీము లేదు, గాయం లేదు. కానీ ఆ వేలి కొనకు పాల బక్కెట్టు అంచు తగిలిందంటే చాలు, నొప్పి మోచేతిదాకా, అక్కడినుంచి చంకదాకా పాకి మనిషిని ఉన్నచోటే కూలేసేది. చన్నీళ్ళు తగిలితే మరీ ఘోరం. చలికాలం పొద్దున్నే ఆవు పొదుగు కడగబోయి, చెంబు వదిలేసి, చేతిని రొమ్ముకు అదుముకుని కొట్టంలో చతికిలబడేది. ఆవు మెడ తిప్పి చూసేది. ఏమైందని అలా తిరిగి చూసిన ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే.

కోలారు వైపు రాయల్పాడు పక్కన పల్లె వాళ్ళది. పాడి ఆవులు, మల్బరీ తోట, పట్టుపురుగులు, ఎండాకాలం వస్తే మామిడికాయల పని. హనుమక్క నొప్పికి ఏడ్చే రకం కాదు. ఆవు తన్ని పక్కటెముక విరిగిననాడు కూడా సాయంత్రం పాలు పిండి డెయిరీకి పంపించిన మనిషి. అలాంటిది, తడిసిన మల్బరీ ఆకు వేలికి తగిలిందని కేక పెడుతుంటే ఏదో ఉందనుకోవాలి కదా. ఎవరూ అనుకోలేదు. రక్తం కారితే పీట వేసి కూర్చోబెడతారు, మంచినీళ్ళు ఇస్తారు. కంటికి కనిపించని నొప్పికి మాత్రం సాక్ష్యం తెమ్మంటారు.

"ఏమే, వేలికేమీ లేదు గదే. పనికి బేజారైతే బేజారని చెప్పు" అన్నాడు మొగుడు మునివెంకటప్ప. చెడ్డవాడు కాదు, కానీ తన కంటికి ఆననిది లోకంలో లేదనుకునే మనిషి.

"బేజారైతే నీకు చెప్పి కూర్చుంటానా? ఈ వేలు నీకుండుంటే ఈపాటికి ఊరంతా నిన్ను ఎత్తుకోని తిరగతా ఉండాల" అంది హనుమక్క.

ఎవరూ నమ్మకపోతే నమ్మకపోనీ, పని ఆగదు కదా. పాత రవిక గుడ్డతో వేలికి చిన్న తొడుగు కుట్టి, లోపల దూది పెట్టి, దాంతోనే ఆకు కోసింది, పురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రికల మీద వాటిని పరిచింది, ఎడమచేత్తో పాలు పిండడం నేర్చుకుంది. ఊళ్ళో నవ్వులాట మొదలైంది. "చొక్కా తొడిగినావే, పెండ్లికొడుకు మాదిరి ఉండాడు నీ వేలు" అంటే, "ఆ, నీ కూతుర్నిస్తావా?" అనేది. అని, ఇంటికొచ్చి తలుపు చాటున కళ్ళు తుడుచుకునేది. అది మాత్రం ఊరికి తెలియదు.

తాలూకా ఊరిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీసి చూశాడు. ఎముక బాగుందన్నాడు, బలం మాత్రలు రాశాడు. తగ్గలేదని మళ్ళీ వెళితే, మనసు మీద పెట్టుకోవద్దని చెప్పి నిద్రమాత్రలు రాశాడు. అవి వేసుకుంటే హనుమక్క పగలు కూడా తూగేది, వేలు మాత్రం మెలకువగానే ఉండేది.

ఇక్కడ ఆ వంశం సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే ఆ తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు.

వాళ్ళను చుట్టుపక్కల వేలిచ్చినోళ్ళు అంటారు. పెద్దలు చెప్పే కథ ఇది. ఎవరి తలమీద చెయ్యి పెడితే వాళ్ళు బూడిదయ్యే వరం పొందిన రాక్షసుడు శివుడి వెంట పడ్డాడట. శివుడు వచ్చి ఒక చేనులో దాక్కున్నాడు. రాక్షసుడు వచ్చి రైతును గద్దించాడు. రైతు నోటితో చూడలేదని చెప్పి, వేలితో మాత్రం శివుడు దాక్కున్న చోటు చూపించాడు. ఆపద గడిచాక శివుడు ఆ వేలు నరుకుతానన్నాడు. అప్పుడే చేనికి సంగటి తీసుకొచ్చిన పెళ్ళాం కాళ్ళమీద పడి, ఆయన వేలు పోతే నాగలి పట్టేదెవరు, నావి రెండు తీసుకో సామీ అంది. సామి తీసుకున్నాడు. చాడీ చెప్పింది మొగుడు, వేళ్ళు పోయింది పెళ్ళానికి. ఈ కథ చెప్పేటప్పుడు మగవాళ్ళెవరికీ గొంతు తడబడగా ఎవరూ వినలేదు.

అప్పటినుంచి ఆ వంశంలో తొలిబిడ్డకు చెవులు కుట్టే ముందు, బిడ్డ తల్లి కొండమీది భైరవుడి గుడికి వెళ్ళాలి. గుడి ముందున్న రాతిమీద చెయ్యి పెట్టాలి. కంసాలి ఆచారి ఉలి పెట్టి ఉంగరం వేలి కొన, చిటికెన వేలి కొన కొట్టేసేవాడు. మైసూరు రాజుల కాలంలోనే సర్కారు దాన్ని నిలిపేసింది. కొట్టడం ఆగింది, వెళ్ళడం ఆగలేదు. ఉలి స్థానంలో బంగారు తీగె వచ్చింది. వేళ్ళకు తీగె చుట్టి, లాగి, దేవుడికి ఇచ్చేస్తారు. వేలు ఇచ్చినట్టే లెక్క.

హనుమక్క తన తొలిబిడ్డ శ్రీనివాసమూర్తికి చెవులు కుట్టించేనాడు కొండకు పోలేదు. "చెవులు బిడ్డవి, కుట్టేది ఆచారి. మధ్యలో నా వేలేం చేసినాది?" అని, బిడ్డను చంకనేసుకుని శ్రీనివాసపురంలో బంగారు అంగడికి వెళ్ళి కుట్టించుకుని వచ్చేసింది. అత్త తాయమ్మ ఆ రోజు సంగటి ముట్టలేదు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, మరిచిపోనూ లేదు.

ఇన్నేళ్ళకు కోడలికి నొప్పి వచ్చింది. వచ్చి వచ్చి ఏ వేలికి వచ్చింది? ఉంగరం వేలికి. కుడిచేతి ఉంగరం వేలికి. తాయమ్మకు ఇంక వేరే రుజువు అక్కర్లేకపోయింది.

"దేవుడు అడగతా ఉండాడు. నువ్వు ఎగ్గొట్టింది ఆయన మరిచిపోతాడా?" అంది.

పైగా అప్పటికి శ్రీనివాసమూర్తికి పెళ్ళయి, ఆడపిల్ల పుట్టి, ఆ పిల్లకు చెవులు కుట్టే వయసు వచ్చింది. హనుమక్క చెల్లించనిదే మనవరాలి కార్యం జరగదని, మొగుడి పెదనాన్న ఓబలప్ప తీర్పు చెప్పాడు. ఎవరేమన్నా లెక్కచేయని హనుమక్క అప్పుడు మాత్రం మెత్తబడింది. నొప్పి ఎంత పొగరుబోతునైనా వంచుతుంది. సరే, ఒక తీగె ముక్కతో పోయేదైతే పోనీ అనుకుంది.

కొండమీద రాతి పక్కన కూర్చుని తొడుగు తీసి చెయ్యి చాచింది. ఆచారి తీగె చుట్టాడు. వదులుగా ఉంటే దేవుడు ఒప్పుకోడని ముసలివాళ్ళు అనేసరికి, వేలి మొదట్లో బిగించి చుట్టాడు. వేలు తెల్లబడింది. హనుమక్క పళ్ళు కొరుక్కుని నొప్పికోసం ఎదురుచూసింది. నొప్పి రాలేదు. ఉన్న నొప్పి కూడా పోయింది. ఏళ్ళ తరబడి ఆ కొనలో కూర్చున్నది, ఎవరో ఊది ఆర్పేసినట్టు లేకుండా పోయింది. ఆమె వేలి కొనను తానే నొక్కి చూసుకుంది. ఏమీ లేదు.

"అత్తా, పోయినాది" అంది.

తాయమ్మ దేవుడికి సాష్టాంగపడింది. ఆడవాళ్ళంతా కళ్ళు ఒత్తుకున్నారు. హనుమక్కకే అనుమానం వచ్చింది, ఇన్నేళ్ళు తప్పు తనదేనా అని. అంతలో ఆచారి, ఆచారం ప్రకారం, తీగె లాగేశాడు. వేలిలోకి రంగు తిరిగి వచ్చింది, రంగుతోపాటు నొప్పీ వచ్చింది. ముందెప్పుడూ లేనంతగా వచ్చింది. హనుమక్క ఆ రాతిమీదే పడిపోయింది.

"తీగె సామికి చాల్లేదు" అన్నాడు ఓబలప్ప, అందరూ వినేలాగా. "నిజం వేలే అడగతా ఉండాడు. కొన మాత్రమే గదమ్మా. మన అవ్వలు ఇయ్యలేదా?"

సరిగ్గా ఆ వారంలోనే తాలూకా ఊరి డాక్టరు కూడా, ఇంత బాధగా ఉంటే వేలి కొన తీసేద్దాం, చిన్న పని, పీడ వదిలిపోతుంది అన్నాడు. మునివెంకటప్పకు బరువు దిగినట్టయింది. "దేవుడూ అదే చెప్పె, డాక్టరూ అదే చెప్పె. ఇంగేం కావాలే నీకు?"

హనుమక్క అంతెత్తున లేచింది. "ఇద్దరూ కొట్టేయమనేది యెందుకో తెలుసునా? లోపల ఏముండాదో ఇద్దరికీ తెలీదు. తెలీనోళ్ళకు నా వేలియ్యను. భైరవుడికీ ఇయ్యను, డాక్టరుకీ ఇయ్యను. పాలు పిండింది ఈ వేలు, మీ వంశానికి కూడు పెట్టింది ఈ వేలు. నాతోనే కాటికి వస్తాది."

ఆ మాట అని, సంచిలో రెండు చీరలు కుక్కుకుని, తొడుగు వేలికి తొడుక్కుని, బస్సెక్కింది.

శ్రీనివాసమూర్తి కాపురం బంగారు గనుల ఊరు ఊరిగాంలో. గనులు మూసేశాక మిగిలిపోయిన పాత కంపెనీ ఇళ్ళలో ఒకటి. పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వెళ్ళి పని చేసుకుని రావడం ఆ ఊరి మగవాళ్ళందరి బతుకు, అతని బతుకూ అదే. కోడలు నేత్రావతి అక్కడే బడిలో టీచరు. పుట్టింట్లోనూ అదే ఆచారం కనుక కొండ సంగతి ఆమెకూ తెలుసు. అత్త వచ్చిన రోజు, ఫ్రిజ్‌లోని నీళ్ళ సీసా తీసి ఆమె చేతికి అందించబోయింది. అత్త అడుగు వెనక్కి వేసింది. అంత మొండి మనిషి నీళ్ళ సీసాకు భయపడటం నేత్రావతి కళ్ళారా చూసింది.

"అత్తా, మీరు యాక్టింగ్ చేస్తారని మామ అంటా ఉంటాడు. ఇట్లా ఎవరికీ చేసేకి కాదు. రండి, పోదాం" అంది. హనుమక్కకు అందరిలో ఆ కోడలు ఒక్కసారిగా దగ్గరి చుట్టమైపోయింది.

పక్కనే ఉన్న రాబర్ట్‌సన్‌పేటలో బజారు వెనక వీధిలో డాక్టర్ కుముద క్లినిక్. ఆమె తండ్రి గని ఆఫీసులో గుమాస్తాగా చేసినవాడు. గని పోయినా ఊరు వదలని ఇళ్ళలో వాళ్ళదీ ఒకటి. నెరిసిన జుట్టు, కఠినమైన చూపు. హనుమక్క కుర్చీలో కూర్చుంటూనే ముందరికాళ్ళకు బంధం వేసింది.

"వేలు కొట్టేయమంటే ఇట్లే లేచిపోతాను, ముందే చెప్పతా ఉండాను."

"ఎవరన్నారమ్మా కొట్టేయమని? ఎక్కడ నొప్పో ముందు చూడనీ" అంది కుముద. గుండుసూది తల వైపు పట్టుకుని, గోరు మీద ఒక్కొక్క చోటే తాకుతూ వచ్చింది. పక్కన తాకితే ఏమీ లేదు. ఇంకో పక్కన తాకితే ఏమీ లేదు. గోరు మొదలుకు కాస్త పైన ఒక్క చుక్క దగ్గర తాకేసరికి హనుమక్క కుర్చీలోంచి లేచిపోయింది. గదికి వెలుతురు తగ్గించి, వేలి కింద చిన్న దీపం పెట్టి చూస్తే, ఆ చోటే గోరు కింద లేత నీలం నీడ. మంచుముక్క దగ్గరికి తెచ్చేసరికే హనుమక్క చెయ్యి లాగేసుకుంది.

"ఎన్నేళ్ళనుంచి?" అని అడిగితే, హనుమక్క ఉన్నదున్నట్టు చెప్పింది. ఎక్స్‌రే సంగతి, నిద్రమాత్రల సంగతి, ఆఖరికి కొండ సంగతి కూడా. నవ్వితే నవ్వుకో అన్నట్టు గడ్డం ఎత్తి చెప్పింది. కుముద నవ్వలేదు. రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది.

"తీగె బిగించి చుట్టినప్పుడు నొప్పి పోయిందా? లాగేస్తూనే వచ్చిందా?"

"పోయినాది. లాగినాక ప్రాణం పోయేట్టు వచ్చినాది. దేవుడు ఒప్పుకోలేదన్నారు."

కుముద ఆమె చెయ్యి పైకెత్తించి, రక్తం కిందికి దిగేదాకా పట్టుకుని, బీపీ చూసే పట్టీ చుట్టి గట్టిగా గాలి నింపింది. మళ్ళీ గుండుసూది తలతో ఆ చుక్కమీదే నొక్కింది. నొప్పి లేదు. గాలి వదిలింది. నొప్పి వచ్చింది. హనుమక్క పళ్ళు బిగబట్టి, డాక్టరు వైపు కోపంగా చూసింది.

"ఇది మా కొండమీద చేసిందే గదమ్మా."

"అదే. అక్కడివాళ్ళు దేవుడేమంటాడా అని చూసినారు, నేను నీ వేలేమంటుందా అని చూసినాను." కుముద కాగితం మీద వేలి బొమ్మ గీసింది. వేలి కొనలో వేడికీ చలికీ రక్తాన్ని సర్దే సన్నటి రక్తనాళాల ముడులు అందరికీ ఉంటాయట. వాటిలో ఒకటి పెరిగి చిన్న గడ్డ అయింది. దాన్ని గ్లోమస్ గడ్డ అంటారు. రక్తం ఆపితే ఊరుకుంటుంది, వదిలితే లేస్తుంది. "ఇది క్యాన్సరు కాదు. ప్రాణం తీయదు. మరీ చిన్నది కాబట్టి ఎక్స్‌రేలో దొరకకపోవచ్చు."

"వేలికే వస్తాదా ఇది?" అని నేత్రావతి అడిగింది.

"ఎక్కువగా గోటి కిందే. ఇంకో చోట కూడా రావచ్చు. ఇదే ఊరిగాంలో గనిలో చేసిన ఒకాయనకు మోకాలి పక్క చర్మం కింద ఇట్లాంటిదే. ప్యాంటు గుడ్డ రాసుకున్నా ఓర్చుకోలేకపోయేవాడు. గని మూసేసిన బెంగ అని ఇంట్లో తేల్చేసినారు. ఇంకో టీచరమ్మకు ముంజేతుల్లో కొవ్వు గడ్డలు. మామూలు కొవ్వు గడ్డలు నొప్పి పెట్టవు. ఈమెవి రక్తనాళాలు కలిసినవి, నొక్కితే కళ్ళనీళ్ళు. ఇంకొకామెకు పాదంలో వేళ్ళ మధ్య నరం ఉబ్బి, అడుగేస్తే మంట. ఒక్కొక్కదానిదీ ఒక్కో రకం నొప్పి. చలికి లేచేదేది, నొక్కితే లేచేదేది అని అడిగితే రోగులే చెప్తారు. అడిగేదానికి మాకు ఓపిక ఉండాల, అంతే."

హనుమక్కకు ఆ మాటలన్నీ ఎక్కలేదు. ఒక్కటే ఎక్కింది. "అంటే, ఉండాది. లోపల నిజంగా ఉండాది."

"ఉంది."

"నేను సుమ్మనే లేనిది చెప్పలే."

"చెప్పలేదమ్మా."

అప్పుడు ఏడ్చింది హనుమక్క. అత్త ముందు, మొగుడి ముందు, దేవుడి ముందు ఏడవని ఏడుపంతా, ముక్కూ మొహం తెలియని డాక్టరు ముందు, కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. నేత్రావతి ఆమె ఎడమచేతిని పట్టుకుని కూర్చుంది.

కోలారు ఆసుపత్రిలో స్కాన్ తీశారు, కుముద చెప్పిన చోటే చుక్క కనిపించింది. ఆపరేషన్ రోజున చేతికి మాత్రమే మత్తు ఇచ్చారు. గోరు ఎత్తి, కింద గడ్డను తవ్వి తీసి, గోరును మళ్ళీ అదే చోట పెట్టి కుట్టేస్తామన్నారు. తీశాక తనకు చూపించాలని హనుమక్క పట్టుబట్టింది. స్టీలు గిన్నెలో చూపించారు. జొన్నగింజంత కూడా లేదు, గులాబీ రంగులో మెరుస్తూ ఉంది.

"ఇంతేనా నువ్వు? నీ మొగం మండ" అంది హనుమక్క. సర్జనుకు నవ్వాగలేదు. కొద్దిమందికి మళ్ళీ రావచ్చునని, వస్తే మళ్ళీ తీస్తామని చెప్పాడు. "రానీ చూస్తాను. ఇప్పుడు దాని పేరు తెలుసు నాకు" అంది. పరీక్షకు పంపితే చెడ్డ గడ్డ కాదనే వచ్చింది.

కుట్లు నొప్పి పెట్టాయి. కానీ అది తెలిసిన నొప్పి, గాయం నొప్పి, రోజురోజుకూ తగ్గే నొప్పి. గోరు ఊడి, కొత్తది నిదానంగా, మధ్యలో చిన్న గీతతో వచ్చింది. ఊరికి తిరిగి వచ్చిన చలికాలంలో ఒక పొద్దున కొట్టంలోకి వెళ్ళి చెంబుడు చన్నీళ్ళు చేతిమీద పోసుకుని, కదలకుండా నిలబడింది. మునివెంకటప్ప గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆమె లేనన్నాళ్ళూ పాలు పిండి అతని వేళ్ళు కూడా వాచిపోయాయి.

"నొప్పి లేదా?" అన్నాడు.

"ఇప్పుడు అడిగినావు" అంది. అంతకుమించి తిట్టలేదు. అతనికి అది తిట్టుకంటే ఎక్కువే తగిలింది.

మామిడి పూత కాలంలో మనవరాలి చెవులు కుట్టే కార్యం పెట్టారు. ఓబలప్ప పట్టు వదల్లేదు. హనుమక్క తీగెను సామి ఒప్పుకోలేదు కనుక, ఆమెదీ కలిపి కోడలు నేత్రావతి రెండుసార్లు తీగె చుట్టించుకోవాలన్నాడు. అందరూ కొండెక్కారు. ఆచారి తీగె విప్పాడు. నేత్రావతి రాతి ముందు కూర్చుని చెయ్యి సగం చాచింది. వెంటనే హనుమక్క వచ్చి కోడలి చెయ్యి పట్టుకుని ఆమె ఒళ్ళోనే పెట్టింది.

"దీనికేం సంబంధం? అడిగింది నా వేలు గదా. ఇదో, ఉండాది."

తన కుడిచెయ్యి తెచ్చి రాతిమీద పరిచింది. వేలిచ్చిన అవ్వలందరి చేతులూ పరిచిన రాయి. అక్కడ గుంత పడి నున్నగా ఉంది. ఓబలప్ప ముఖం వెలిగింది, తీగె చుట్టమంటుందనుకున్నాడు. హనుమక్క ఎడమచేత్తో ఆచారి చిన్న సుత్తి అందుకుంది. దాని కట్టె పిడితో తన ఉంగరం వేలి గోరు మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఏడాది కింద బక్కెట్టు అంచు తగిలితే కూలిపోయిన చోటే, అందరూ చూస్తుండగా, టకటకమని కొట్టింది.

"చూడు పెద్దమామా. బాగుండాది. లోపల గడ్డ ఉండె, డాక్టరమ్మ తీసేసె. ఇందులో దేవుడి వాటా ఏమీ లేదు. ఇయ్యను. నేనియ్యను, నా కోడలియ్యదు, ఈ బిడ్డా ఇయ్యదు."

ఓబలప్ప తాయమ్మ వైపు చూశాడు, ఇంటి పెద్ద నువ్వే చెప్పమన్నట్టు. తాయమ్మ కర్ర ఊతంతో వచ్చి, వంగి, కోడలి చేతిని రాతిమీదినుంచి తీసుకుంది. గీతపడిన కొత్త గోరును బొటనవేలితో గట్టిగా నొక్కింది. హనుమక్క రెప్ప కొట్టలేదు. తాయమ్మ ఇంకా నొక్కింది.

"నిజంగా పోయినాదా?"

"పోయినాది అత్తా."

తాయమ్మ ఆ వేలిని చాలాసేపు వదల్లేదు. "మా అవ్వ ఆ మొండి వేళ్ళతోనే నాకు సంగటి పెడతా ఉండె. సందులోంచి జారి కింద పడతా ఉండె. నేను నవ్వతా ఉంటి" అంది, ఎవరితోనో కాదు, ఆ రాతితో అన్నట్టు. "నొప్పి పుట్టిందా అవ్వా అని ఒక్కనాడూ అడగలేదు."

తర్వాత ఆచారి వైపు తిరిగింది.

"తీగె పెట్టెలో పెట్టేయప్పా. బిడ్డ చెవులు కుట్టు."